అన్న మాట అన్నట్టే చుక్కల్లో పెట్టిన యాకూబ్

మా సహోపాధ్యాయుడు, కొడకండ్ల వాస్తవ్యుడు యాకూబ్ పాషా ఇక లేడన్న దుర్వార్తను మొన్న ఉదయం మహబూబాబాద్ నుంచి అతని అక్క ఫోనులో చెప్పింది. "జరమొచ్చిందని దవాఖానకు తెచ్చినం భాయ్, చూస్తుండంగనే పాయె" అని ఆమె విలపించింది. వయసులో నాకు తమ్ముడు. విద్యలో నన్ను దాటిపోయినవాడు, మరణంలోనూ ముందే పోయాడు. నా శోకంలో ఈర్ష్య కలిసే ఉంది. దాన్ని తుడిచేసి అతణ్ణి స్మరించడం నాకు సాధ్యం కాదు.

మేమిద్దరం పుట్టుకతో అంధులం. జనగామలో అంధ బాలల బడిలో పంతుళ్లం. యాకూబ్ రాకముందు ఆ బడిలో బ్రెయిల్ అంటే నేనే. పలకలో మందపాటి కాగితం బిగించి, సూదిమొనతో ఒక్కొక్క చుక్కా పొడిచి పాఠాలు రాసిపెట్టేవాణ్ణి. పిల్లల వేళ్ల కింద నా అక్షరం ముత్యంలా తగులుతుందని పేరు.

యాకూబ్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే కంప్యూటర్‌తో వచ్చాడు. ఎవరో పరోపకారులు రాసి, లోకానికి ఉచితంగా వదిలిన ఒక ప్రోగ్రామింగ్ లైబ్రరీ, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే రెడీమేడ్ ఆదేశాల మూట, అతనికి దొరికింది. అందులోని ఒక ఫంక్షనుకు వాక్యాన్నీ, ఏ భాష పట్టిక ప్రకారం మార్చాలో ఆ పట్టిక పేరునూ ఇస్తే చాలు, బ్రెయిల్ చుక్కల వరుస తిరిగి వస్తుంది. ఆ వరుసను బడిలో మూలన పడి ఉన్న బ్రెయిల్ అచ్చుయంత్రానికి పంపాడు. మొదటి కాగితం తడిమితే తలాతోకా లేదు. పొరపాటున ఇంగ్లీషు పట్టిక పేరు ఇచ్చాడట. నా ఆనందం ఇంతా అంతా కాదు.

"చేతిరాతకు సాటి వస్తదా యాకూబ్?" అన్నాను.

"జర ఆగన్నా" అని పట్టిక పేరు మార్చాడు. రెండో కాగితంలో వత్తులతో సహా చక్కని తెలుగు! తప్పు దొరకాలని పేజీ అంతా వేలితో గాలించాను. దొరకలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికి వచ్చిన రోజులు. బందులతో బస్సులు నిలిచి, హైదరాబాద్ నుంచి రావలసిన పుస్తకాలు రాలేదు. కరెంటు ఉన్నంతసేపు యాకూబ్ పాఠాలతోపాటు ఉద్యమ వార్తలు కూడా అచ్చువేసి పిల్లలకు పంచేవాడు. అతని గది కలకలలాడేది. నా గదిలో సూది చప్పుడు నాకే వినిపించేది.

దంతాలపల్లి దగ్గరి తండా పిల్ల కమిలికి చుక్కలు నేర్పింది నేను. దీక్షా శిబిరంలో మాట్లాడతానంటూ వచ్చి, "మా తండకే గిట్లెందుకు? బడి లేదు, బాట లేదు" అని చెప్పి, రాసిపెట్టమంది. "మా తండాకే ఇలా ఎందుకు?" అని దిద్ది రాశాను. తడిమి చూసి, "గివి నా మాటలు కావు సార్" అంటూ యాకూబ్ దగ్గరికి పోయింది.

ఉక్రోషంతో వెనకే వెళ్లాను. "పిల్లకు మంచి తెలుగు అక్కర్లేదా?" అని నిలదీశాను.

"ఫంక్షనుకు మంచి మాట, మోటు మాట తెల్వదన్నా. ఏమిస్తే గదే చుక్కలైతది. సినిమాలల్ల మన మాటను చూసి నవ్వింది సాలదా? మనం గూడ దిద్దుడెందుకు?" అన్నాడు శాంతంగా.

అంతటితో ఆగలేదు. కమిలి చేత తల్లి పాడే లంబాడీ పాట చెప్పించుకుని, తెలుగు అక్షరాల్లో కొట్టి, అదీ అచ్చు తీశాడు. "యాడీ" అన్న మాట దగ్గర, అంటే అమ్మా అన్న మాట దగ్గర, ఆ పిల్ల వేలు ఆగిపోయింది.

"మా ఇంట్ల మాట చేతికి తగుల్తదనుకోలే సార్" అంది. ఆ గొంతు నా ముత్యాల అక్షరాలకు ఎన్నడూ పలకలేదు.

మర్నాడు శిబిరంలో కమిలి యాకూబ్ అచ్చు తీసిన తన మాటలను వేలితో తడుముతూ చదివింది. చదివాక, "గిది మా యాకూబ్ సార్ చేసిండు" అంది. చప్పట్లు మోగాయి. యాకూబ్ మైకు అందుకుని, "చుక్కలు చదువుడు నేర్పింది మా అన్న" అని నా చెయ్యి పట్టి పైకెత్తాడు. అతని ఔదార్యం కూడా నన్ను దహించింది. తిరిగి అసూయపడటం ఆ మనిషికి రాదు.

తాను కలగన్న రాష్ట్రం రాకముందే యాకూబ్ కొడకండ్ల మట్టిలో కలిసిపోయాడు. ఆ స్థానం భర్తీ అయ్యేది కాదు. సంతాప సభకు ముందు కమిలి నా దగ్గరికి వచ్చి తన మాటలు చెప్పింది. అతని కుర్చీలో కూర్చుని, ఒక్క మాటా దిద్దకుండా ఫంక్షనుకు ఇచ్చాను. కమిలి కాగితాన్ని చివరిదాకా తడిమింది.

"యాకూబ్ సార్ చేసినట్టే ఉన్నది సార్."

"ఆయనదేనమ్మా" అన్నాను.

తమ్ముడా, ఆ మెప్పు నా దగ్గర ఉంచుకోవాలని ఎంతో అనిపించింది. నీకే ఇచ్చేశాను.