ముడి రవిక

ఆదిలో మొదటి ఆలుమగల సిగ్గు కప్పడానికి తన చేతులతోనే తోలు చొక్కాలు చేసి తొడిగించిన దేవునికి స్తోత్రం. కుట్టుపని ఆయనకు చిన్నపని కాలేదు. నాకు సూది పట్టడం నేర్పినవాడు ఆయనే, ఆ సూదిని చూసుకుని గర్వపడ్డప్పుడు నన్ను తగ్గించినవాడూ ఆయనే.

నాచారంలో ఫ్యాక్టరీ షెడ్లు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజులవి. నాన్న అక్కడే ఒకదానిలో ఫిట్టరు. మేం ఉప్పల్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా సొంత ఊళ్లో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న గుంపులో అప్పటికి మిగిలింది మా నాయనమ్మ ఒక్కతే. కళ్లకు పొరలు కమ్మి రెండేళ్లయింది. నాచారంలోని మా సంఘంలో సగంమంది ఆ ఊరివాళ్లే కాబట్టి, ఆ తొలి బాప్తిస్మాల జ్ఞాపకార్థం పండుగ చేయాలనుకున్నారు. దేవుడు తనను ఎలా పిలిచాడో నాయనమ్మ అందరి ముందు సాక్ష్యం చెప్పాలని పాస్టరు అయ్యగారు అడిగారు. ఆమె సరేనంది. కానీ తన బాప్తిస్మం రోజు తొడుక్కున్నటువంటి ముడి రవిక తొడుక్కునే వస్తానంది.

ముడి రవికకు గుండీలుండవు, హుక్కులుండవు. ముందరి రెండు కొసలను రొమ్ముల కింద ముడి వేసుకుంటారు. అయ్యగారి భార్య అయ్యగారమ్మకు ఆ మాట రుచించలేదు. ఆడవాళ్లంతా తెల్లచీరలు, పొడుగు చేతుల జాకెట్లతో రావాలని ఆమె ముందే చెప్పింది. దొర పొలంలో వంగి పనిచేసిన నాటి బట్టను పదిమందిలో చూపించుకోవడం ఎందుకని అమ్మ కూడా ఆమెనే సమర్థించింది. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"అయితె మీరే పోన్రి. నేను ఇంట్లనే స్తోత్రం జేస్కుంట."

అన్నంత పనీ చేసే మనిషి. నాలుగు రోజుల తర్వాత అయ్యగారమ్మే మెత్తబడింది. మర్యాదగా కనబడేటట్టు కుడితే చూద్దాం, లేదంటే తెల్లచీరే అంది. పండుగకు వారమే ఉంది. కుట్టు నేర్చిన పిల్లనని భారం నామీద పడింది.

మిషనరీల కుట్టు తరగతిలో నాకు మొదటి స్థానం వచ్చింది. లాలాపేట్ వెళ్లి ముతక నేతగుడ్డ తెచ్చాను. తరగతిలో నేర్పినట్టే కాగితం మీద గీసి, చంక దగ్గర గుండ్రంగా కత్తిరించి, ఒంటికి అతికేలా కుట్టి, హుక్కుల బదులు ముడి పెట్టాను. నాయనమ్మ తొడుక్కుని కుట్లన్నీ వేళ్లతో తడిమింది.

"గిది దొరసాని జాకెట్టే. ముడి ఒక్కటే మనది."

నేను ఒప్పుకోలేదు. అప్పుడామె ప్రార్థనలో ఎత్తినట్టు రెండు చేతులూ పైకెత్తింది. చంకల కింద రెండు వైపులా కుట్టు పర్రున చినిగింది. నవ్వుతూనే అంది: "గీ జాకెట్ల దేవునికి ఒక చెయ్యే ఎత్తాలె బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. అప్పట్లో ఆ రవికలు కుట్టిన మీ అమ్మ ఎట్లా కత్తిరించేదని అడిగాను. కత్తెర ఎక్కడిదంది. పంటితో అంచు కొరికి, దారం వెంట చేత్తో చింపేదట. అందుకే ఆ రవికలో గుండ్రం అన్నది లేదు, అన్నీ పలకలే. చంక కింద నాలుగు పలకల చిన్న ముక్కను మూలవాటంగా, ఒక మూల చంకలోకి వచ్చేలా వేసేదట. చెయ్యి ఎత్తితే ఆ ముక్క విచ్చుకుంటుంది, దించితే మడత పడుతుంది. నారు పీకినా, గంప ఎత్తినా, చంటిపిల్లకు పాలిచ్చినా ఆ రవిక ఇబ్బంది పెట్టలేదంది. పెళ్లప్పుడు తొడుక్కున్నదే కాన్పు తర్వాత ముడి వదులు చేసి తొడుక్కునేవారట. ముసలితనంలో ముడి బిగించుకుంటే సరిపోయేది.

కొత్త గుడ్డను చింపడానికి నా చేతులు రాలేదు. కత్తెర పక్కన పెట్టి, అంచు కొరికి, కళ్లు మూసుకుని చింపాను. దారం వెంట నిలువునా చినిగింది. ఒక్క పోగు కూడా వృథా కాలేదు. పేదరాలి తెలివి ఎంత లెక్కగా ఉంటుందో ఆ పలకలను జతచేస్తున్నప్పుడే తెలిసింది. నేను చదివిన తరగతిలో ఆ కొలత లేదు.

పండుగనాడు గుడి గుమ్మం దగ్గర అయ్యగారమ్మ మడత నలగని తెల్లచీరతో నిలబడి ఉంది. రవికను చాలాసేపు చూసింది. బాగానే కుట్టావు గానీ, పైన ఈ చీర కప్పుకుంటే బాగుంటుందేమో అని నాతో మెల్లగా అంది. నాయనమ్మ చెవులకు పొరలు లేవు.

"యేసయ్య నన్ను గీ రవికెల ఉన్నప్పుడే పిలిచిండమ్మా. మార్చుకొని రమ్మనలే."

అయ్యగారమ్మ చీరను చంకలో పెట్టుకుని, నాయనమ్మ చేయి పట్టుకుని ముందుకు నడిపించింది.

సాక్ష్యంలో ఆమె చెప్పిన మాటలు నాకు సగమే గుర్తున్నాయి. ఆమె చంకల వైపే చూస్తూ కూర్చున్నాను మరి. చివర్లో రెండు చేతులూ నిండా ఎత్తింది. కుట్టు నిలిచింది. మూలవాటపు ముక్కలు రెండూ విచ్చుకున్నాయి. పక్కనున్న అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

చినిగిన ఆ మొదటి జాకెట్టు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నాకు చదువు చెప్పింది అదే.

చదువుతున్న మీరు కూడా నాతో ఒక్క క్షణం తలవంచండి. మమ్మల్ని ఉన్నపాటున పిలిచిన తండ్రీ, మా తల్లుల బట్టను చూసి మేం సిగ్గుపడకుండా చేయుము. నీవైపు ఎత్తిన ఏ చేయికీ అడ్డుపడని కుట్టు మా చేతులకు నేర్పుము. ఆమేన్.