చెంప మీద చుక్క

పరంజా కట్టేవాడికి ఒక శాపం ఉంది. పని అయిపోయాక వాడు కట్టింది మిగలదు. భవనం లేస్తుంది, మా ఇనుప గొట్టాలు దిగిపోతాయి. నేను పనికొచ్చిన ఈ ఎడారి దేశంలో, రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంట్లు పుట్టగొడుగుల్లా లేచిన రోజుల్లో నేను ఎక్కని ఎత్తు లేదు. ఇవాళ వెళ్లి వెతికితే అక్కడ నాది ఒక్క బోల్టు కూడా దొరకదు.

అందుకేనేమో నాకు పోస్టుకార్డుల పిచ్చి పట్టింది. సెలవు మీద ఇంటికెళ్లినవాడు తిరిగొచ్చేటప్పుడు గదిలో అందరికీ తినడానికి ఏదో ఒకటి తేవడం మా క్యాంపులో ఆనవాయితీ. నేను మాత్రం మిఠాయి వద్దు, మీ దేశంలోని పాత కట్టడం బొమ్మ తెమ్మనేవాణ్ణి. "అందరు లడ్డూలు అడిగితే వీడు రాళ్లు అడుగుతడు" అని మావాళ్లు నవ్వేవాళ్లు. నేపాల్ గుడి, లంకలో కొండ మీది కోట, ఇక్కడి జుబారా కోట, మన రామప్ప, అన్నీ నా మంచం పక్క గోడకెక్కాయి. పడుకుని వాటినే చూసేవాణ్ణి. అంత రాయి అంత పైకి ఎలా ఎక్కింది? దానికి పరంజా ఎవడు కట్టాడు? తలచుకుంటే గుండె ఝల్లుమనేది.

ఒకసారి లీవులో ఆ కార్డులు మా బిడ్డకు చూపించాను. అన్నీ తిరగేసి, "వీట్ల నువ్వు గట్టింది ఏది బాపూ?" అంది.

"నేను గట్టినయి ఉండయి బిడ్డా, ఇప్పేస్తరు."

"ఉండనివి ఎందుకు గడ్తవ్ మరి?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వేలు పెట్టి ఇది నాది అని చూపించగలిగింది ఒక్కటైనా ఆమెకు తేవాలనుకున్నాను.

ఆ తర్వాత సముద్రం ఒడ్డునున్న అల్ వక్రాలో ఒక ఎత్తయిన గోడకు పరంజా కట్టాం. దాని మీద బొమ్మ వేయడానికి వేరే దేశం నుంచి ఒకామె వచ్చింది. ఆమె పని చేస్తున్నన్నాళ్లూ నేను పక్కనే ఉన్నా, అంత దగ్గర నుంచి నాకు కనిపించినవి రంగు మరకలే. ఇదేం బొమ్మరా బాబూ అనుకున్నాను.

ఆమె వెళ్లిపోయాక గొట్టాలు విప్పుకుంటూ దిగాం. పరంజా ఊగకుండా గోడకు బిగించిన బోల్టులు పీకితే చిల్లులు పడతాయి. వాటిని సిమెంటుతో పూడ్చి, ఆమె వదిలిన రంగులు అద్దుతూ వచ్చాను. ఒక చిల్లు దగ్గరికి వచ్చేసరికి కావలసిన రంగు అయిపోయింది, నలుపే మిగిలింది.

"యల్లా, యల్లా! కాలా మారో, నీచే సే కౌన్ దేఖేగా!" అని కింది నుంచి ఫోర్‌మన్ అరిచాడు. త్వరగా నలుపే కొట్టెయ్, కింది నుంచి ఎవడు చూస్తాడని వాడి తొందర. నల్లరంగే పూసేశాను.

బస్సెక్కాక కిటికీలోంచి వెనక్కి చూశాను. గోడంతా ఒక చిన్నపిల్ల ముఖం! సముద్రం వైపు చూస్తోంది. నేను రోజూ చేయి ఆనించి నిలబడింది ఆ పిల్ల కనురెప్ప మీద. ఒళ్లు జలదరించింది. బస్సు మలుపు తిరిగేదాకా తెరిచిన నోరు మూయలేదు.

కొన్నాళ్లకు ఆ గోడ కూడా పోస్టుకార్డయి దుకాణంలో కనిపించింది. పిల్ల చెంప మీద ఆవగింజంత నల్లచుక్క. ఆ లీవులో కార్డును మా బిడ్డ చేతిలో పెట్టి, "ఇగో, ఈ చుక్క నాది" అన్నాను.

కార్డును ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా చూసింది. "ఎంత మంచిగున్నది పిల్ల! దిష్టి చుక్క పెట్టినవా బాపూ?"

"ఆఁ" అన్నాను. అది దిష్టి చుక్క అని నాకూ అప్పుడే తెలిసింది.

"నాకెన్నడు పెట్టలే గద నువ్వు."

కోపంగా కాదు, నవ్వుతూనే అంది. నిజమే. తను పుట్టిన ఏడాదే నేను విమానం ఎక్కాను. ఆ చుక్కలన్నీ వాళ్లమ్మే పెట్టింది. బిడ్డ లోపలికెళ్లి కాటుక డబ్బీ తెచ్చింది. నా ముందు కూర్చుని చెంప తిప్పింది.