సెంటు కొట్టుకుని లేజరు కింద పడుకున్న రోజు

కళ్లజోడు వదిలించుకుందామని వెళ్లి, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి పనంతా పూటసేపు ఆపించిన మహానుభావుణ్ని మీరెప్పుడూ చూసి ఉండరు. నేనే. ఎలా ఆపించానో చెప్తాను, నవ్వడం మాత్రం చివర్లో పెట్టుకోండి.

నాది చెన్నూరు దగ్గర పల్లె. దుబాయిలో ఒక క్యాంటీన్‌లో వంటవాణ్ని. వంటవాడికి కళ్లజోడంత పగవాడు లేడు. బిర్యానీ గిన్నె మూత తీస్తే చాలు, అద్దాలను ఆవిరి కమ్మేస్తుంది. ఉప్పేదో చక్కెరేదో నాకి తేల్చుకోవాలి. ఒకసారి ఆ మసకలోనే మరిగే నూనెలో చెయ్యి పెట్టబోయాను. ఆ భయంతోనే, రెండేళ్లకు దొరికిన సెలవులో లేజరు ఆపరేషన్ చేయించుకోవాలనుకున్నాను.

డాక్టరు హైదరాబాదు నుంచి వారానికి ఒక్కరోజే వస్తాడు. నా కంటి పటం కంప్యూటర్లో చూపించి, ఇది అందరికీ ఒకే కొలత కాదని, నా కంటి వంపులు చూసి నాకోసమే లెక్కకట్టే లేజరని చెప్పాడు. మా ఊరి దర్జీ కూడా నన్నెప్పుడూ అంత శ్రద్ధగా కొలవలేదు. ఆపరేషన్ తర్వాత చూపించుకోవాల్సిన రోజులు కూడా కలుపుకుంటే, విమానం ఎక్కేలోపు కుదిరేది ఒక్క శుక్రవారమే. అది తప్పితే మళ్లీ రెండేళ్ల ఆవిరి.

సిస్టర్ వేళ్లు మడుస్తూ మరీ చెప్పింది: తలస్నానం చేసి రావాలి, నూనె వద్దు, పౌడరు వద్దు, సెంటు అసలే వద్దు. నేను బుద్ధిగా తలూపాను.

కానీ మా దగ్గర దుబాయి నుంచి వచ్చినవాడు సెంటు లేకుండా గడప దాటితే, పాపం కొలువు పోయిందేమోనని జాలిపడతారు. పైగా డాక్టరు నా ముఖం మీదికి వంగి పనిచేస్తాడు. ఏళ్ల తరబడి ఒంట్లో ఇంకిన మసాలా వాసన ఆయన ముక్కుకు తగిలితే నా పరువేం కావాలి? సెంటు వద్దన్నది చవకరకం వాడేవాళ్లకే అయి ఉంటుందని, మంచి సరుకైతే డాక్టరు సంతోషిస్తాడని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. శుక్రవారం పొద్దున సీసాలో సగం నా మీద ఖాళీ అయింది.

హాల్లో అడుగుపెట్టగానే సిస్టర్ ముక్కు ఎగబీల్చింది. "సెంటు ఎవలు కొట్టుకొచ్చిన్రు?" అంది. నేను ఫ్యాను వంక చూశాను. తోడొచ్చిన మా అవ్వ, అంటే మా అమ్మ, మోచేత్తో పొడిచింది. అయినా ఫ్యానునే చూశాను. నా పక్కన, కూతురికి తోడుగా జమ్మికుంట నుంచి వచ్చిన పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నాడు. అనుమానం ఆయన మీదికి పోయింది. "సబ్బుతోని తానం జేసిన బిడ్డా, గంతే" అని ఎంత మొత్తుకున్నా వినకుండా ఆయన్ని వరండాలోకి పంపేశారు. నాకు సిగ్గేసింది. కానీ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ కూచున్నాను.

నన్ను లోపల పడుకోబెట్టారు. మిషన్ సరిచూస్తున్న డాక్టరు లెక్క కుదరక ఒకసారి తల ఆడించాడు, మళ్లీ ఆడించాడు, తర్వాత నా మీదికి వంగాడు.

"సెంటు కొట్టుకున్నవా?"

"లే సార్. దుబాయి నుంచి వచ్చిన గదా, ఒంటికి పట్టుంటది."

"ఎప్పుడొచ్చినవు?"

"ఇరవై దినాలాయె సార్."

ఆయన నవ్వలేదు. "సెంటు ఆవిరి అడ్డమొస్తే లేజరు లెక్క తప్పుతది. గా తప్పు బతుకంత నీ కంట్లనే ఉంటది" అన్నాడు.

మెడకు, చంకలకు, తలకు, ఎక్కడెక్కడ కొట్టుకున్నానో అంతా కక్కేశాను. ఆపరేషన్లు ఆపి గది గాలి మార్చాల్సి వచ్చింది. ఇవాళ నాకు చేయడం కుదరదన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పనిచేస్తే, వాసన పూర్తిగా పోతే చివర్లో చూద్దామన్నాడు.

స్నానాల గదిలోకి పరుగెత్తాను. కళ్లజోడు అవ్వ దగ్గరే ఉండిపోయింది. చేతికి తగిలిన సీసాలోది సబ్బనుకుని ఒళ్లంతా రుద్దుకుని వచ్చాను. సిస్టర్ నన్ను చూసి కుర్చీలో కూలబడింది. అది గచ్చు కడిగే నిమ్మకాయ మందు.

ఇక నన్ను నమ్మి లాభం లేదని, వాసనలేని సబ్బు మా అవ్వకిచ్చి పంపింది. ముప్పై ఏళ్లవాణ్ని కూచోబెట్టి అవ్వ నా నెత్తి రుద్దుతూ, "గా పెద్దమనిషి ఉసురు తాకుతది, పొయ్యి జెప్పు కొడుకా" అంది. తడి తలతోనే వరండాలోకి వెళ్లి పెద్దాయనకు చేతులు జోడించాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ముందుగాల నీ కండ్లు మంచిగ గానీ" అన్నాడు. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ని కాను.

అందరి తర్వాత నా వంతు వచ్చింది. లేజరు పని మొదలుపెట్టగానే ఏదో కాలిన వాసన. నాదేనా సార్ అని అడిగేశాను. "ఇది లేజరుది, నీది గాదు" అన్నాడు డాక్టరు.

మర్నాడు చూపు పరీక్షించే అక్షరాల అట్ట మీది చివరి వరస దాకా చదివేశాను. చదువుతూనే ఏడ్చేశాను. బతికిపోయాను అనిపించింది.

సెలవైపోయి క్యాంటీన్‌కు తిరిగొచ్చాక బిర్యానీ మూత తీశాను. ఆవిరి లేచింది, మెతుకు మెతుకూ కనిపించింది. ఆ ఆనందంలోనే ఉల్లిగడ్డలు ముందేసుకున్నాను. రెండో గడ్డకే కళ్లలోంచి ధారలు. ఇన్నేళ్లూ ఆ ఘాటును ఆపింది నా పగవాడైన కళ్లజోడేనని అప్పుడు తెలిసింది. పక్కవాడు ఇల్లు యాదికొచ్చిందా అని ఓదార్చబోతే అవునన్నాను.

అందుకని బస్తాడు ఉల్లిగడ్డల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఇకపై ఆసుపత్రిలో ఏ సిస్టర్ ఏది వద్దన్నా మానేస్తాను, ఊపిరి పీల్చొద్దన్నా సరే, ముందు మానేసి తర్వాతే కారణం అడుగుతాను.