ముక్కులో పలకముక్క

పొద్దున్నే దుకాణం తెరిచి అద్దాల బీరువా పైన దుమ్ము తుడుస్తుంటే, గుడ్డ తగిలి విమానం ఒక పక్కకు ఒరిగింది. లోపల టకటకమని చప్పుడు. జానెడు పొడవున్న బూడిదరంగు ప్లాస్టిక్ యుద్ధవిమానం అది. దాని ముక్కులో పలకరాయి ముక్కలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎప్పుడో జిగురు వదిలేసి, కదిలించినప్పుడల్లా ఇలా మోగుతుంది. నాది సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం కాబట్టి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఇది గూడా రిపేరుకొచ్చిందా మస్తానన్నా?" అని పరాచికాలాడుతుంటారు. దాని కథ చెప్పాలని నాకు నోరు దురదగానే ఉంటుంది గానీ, ఫోను పాడైపోయిన మనిషికి వినే ఓపిక ఎక్కడ ఉంటుంది? ఇవాళ మాత్రం ఆ చప్పుడుకు తుడవడం ఆపి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇంకాసేపట్లో నా కూతురు నజ్మా మొదటిసారి స్కూటీ మీద ఒంటరిగా యర్రగొండపాలెం వైపు బయలుదేరాలి. రాత్రి రెండుసార్లు లేచి ఆ బండి బ్రేకులు నొక్కి చూశాను. రాజ్యలక్ష్మమ్మ బతికి ఉంటే, "ఏందిరా ఆ మొగం, ఆముదం తాగినట్ల!" అని కసిరి ఉండేది.

రాజ్యలక్ష్మమ్మను మీరెరుగరు. మార్కాపురంలో నా దుకాణానికి ఆనుకొని స్టీలు సామాన్ల కొట్టు ఉండేది, అది ఆమెదే. భర్త పోయినప్పుడు ఇక కొట్టు మూసేస్తారని బజారంతా అనుకుంది. కర్మలు పూర్తయిన మర్నాడే ఆమె తాళాలగుత్తి బొడ్డున దోపుకొని వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంది. గిన్నెను వేలిగోటితో కొట్టి మోగించి, "వింటివా? నీ మనవరాలి పెండ్లికి గూడా ఇట్లనే మోగుతాది" అని అమ్మేది. నన్ను కొడుకులా చూసుకుందని రాస్తే అబద్ధమవుతుంది. తిట్టడానికి అందుబాటులో ఉన్న మనిషిలా చూసింది. వాకిలి చిమ్మకపోతే తిట్లు, తెచ్చిన టీ చల్లారబెట్టుకుంటే తిట్లు, గిరాకీతో గట్టిగా మాట్లాడితే అంతకంటే గట్టిగా తిట్లు. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఒక పూట ఆ గొంతు వినపడకపోతే నాకే తోచేది కాదు.

ఆమెకు శ్రావణి ఒక్కతే కూతురు. వ్యాపారస్థుల ఇంటి పిల్ల, లెక్కల్లో దిట్ట, ఏ బ్యాంకులోనో కుదురుకుంటుందని అందరం అనుకుంటే వెళ్ళి వైమానిక దళంలో చేరింది. అదీ యుద్ధవిమానాలు నడపడానికి. బజారు నోరు వెళ్ళబెట్టింది. ఎవరు ఆరా తీసినా పెద్దమ్మ, "దానికి ఇష్టమైంది, పోయింది. నీకు బిందె కావాల్నా, గంగాళమా?" అని నోరు మూయించేది. కానీ సాగనంపేముందు కూతురి దగ్గర ఒక మాట తీసుకుంది. తాను ఒక్కసారి రమ్మంటే చాలు, ఎందుకని అడక్కుండా అన్నీ మానుకొని వచ్చేయాలి. శ్రావణి సరేనంది. అలాంటి ఉద్యోగంలోంచి అంత తేలిగ్గా రానిస్తారో లేదో మా ఇద్దరికీ తెలియదు. ఆ పిల్ల మాట తప్పదని మాత్రం తెలుసు. పెద్దమ్మ ఆ మాటను కొంగున ముడేసుకొని తిరిగింది.

ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పైన యుద్ధవిమానం బొమ్మ. "పాప పంపించింది. అది నడపబోయేది ఇదేనంట. నీ చేత్తో చేసి చూసుకోమ్మా, భయం పోతాది అనింది. తెరిస్తే అన్నీ తునకలే. దోవలో పగిలినాయా ఏంది?" అంది. పగిలినవి కావు. చట్రాలకు అంటుకొని ఉన్న చిన్న చిన్న ప్లాస్టిక్ భాగాలవి. కత్తిరించి, బొమ్మల కాగితం చూస్తూ ఒక్కొక్కటే అతికించుకుంటూ పోవాలి. నా దగ్గర భూతద్దం దీపం, ట్వీజర్లు, సన్నటి కట్టర్లు ఉన్నాయి కాబట్టి విమానాల కర్మాగారం నా బల్ల మీదే వెలిసింది. ఉప్పుకాగితంతో రుద్దితే గీతలు పడుతున్నాయని పెద్దమ్మ పారేసిన పలకముక్క ఒకటి తెచ్చి, నీళ్ళలో తడిపి అతుకుల మీద మెల్లగా అరగదీసింది. మా ఊళ్ళో ఇంకేదైనా కరువు గానీ పలకరాయికి కరువా? వేలు పెట్టి చూస్తే అతుకు ఎక్కడుందో తెలియలేదు. "చూసినావా!" అని నా వైపు గర్వంగా చూసింది. నేను మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఇక పట్టలేం.

అరగదీయడాలు తర్వాతి సంగతి, అన్నిటికంటే ముందు పైలట్ కూర్చునే చోటు అతికించాలి. పెద్దమ్మ కుర్చీని ట్వీజర్‌తో పట్టుకొని, పెట్టెలో ఇంకేదో వెతుకుతోంది. "రెండోది యాడబడిందో చూడు" అంది. ఏ రెండోది అన్నాను. "కుర్చీ, నాయనా. ఒకటే ఉంది." బల్ల కింద ఇద్దరం వెతికాం. చివరికి కాగితంలో చూశాను.

"ఒకటే పెద్దమ్మా. దీంట్లో ఒక్కరే కూర్చుంటారంట."

"పక్కన ఎవురూ ఉండరా?"

"ఉండరు."

"వెనక?"

"వెనక ఇంజను."

ఆమె ట్వీజర్ కింద పెట్టి తన కొట్లోకి వెళ్ళిపోయింది. అప్పటిదాకా శ్రావణి నేర్చుకున్నది రెండు సీట్ల విమానంలో, వెనక గురువు కూర్చుని ఉండగా. ఎప్పుడూ అంతేననుకుంది తల్లి. కూతురు చెప్పని సంగతిని ప్లాస్టిక్ ముక్క చెప్పింది. ఆ సాయంత్రం కొట్లో నుంచి గిన్నె మోగిన చప్పుడు రాలేదు. మర్నాడు తనే వచ్చి కాగితం బొమ్మలో కుర్చీకున్న పసుపు నలుపు చారల పిడిని చూపించి అదేమిటంది. ప్రమాదం వస్తే దాన్ని లాగాలని, కుర్చీతో సహా మనిషి పైకి ఎగిరి బయటపడతారని, పైన గొడుగు విచ్చుకుంటుందని ఫోన్లో వీడియో చూపించాను. "ఎవురు లాగాల?" అంది. కూర్చున్నవాళ్ళే అన్నాను. తర్వాత పళ్ళు కుట్టుకునే పుల్ల కొసతో మా పిడి మీద ఆ చారలు తనే వేసింది. నన్ను ముట్టనివ్వలేదు.

పని పూర్తికావచ్చాక మా ఇద్దరి తెలివీ బయటపడింది. ముక్కులో బరువు పెట్టి మూయమని కాగితంలో బొమ్మ వేసే ఉంది. నేను చూపించాను కూడా. పెద్దమ్మ, "ఎగిరేదానికి బరువేంది? నా బిడ్డ పోయే బండికి బరువులు కట్టాల్నా?" అని జిగురు రాసి మూసేసింది. తీరా చక్రాలు పెట్టి బల్ల మీద నిలబెడితే తోక కింద ఆనించి, ముక్కు పైకెత్తి కూలబడింది. మళ్ళీ నిలబెట్టాం. మళ్ళీ కూలబడింది. పది మందీ చూసి నవ్వుతుంటే ఆమె మొదట కోపంగా చూసి, తర్వాత తనే పొట్ట పట్టుకొని నవ్వింది. బ్లేడుతో ముక్కును జాగ్రత్తగా ఊడదీసి, అరగదీయడానికి వాడిన పలకనే చిన్న ముక్కలు చేసి లోపల కూరాం. ఈసారి మూడు చక్రాల మీదా కుదురుగా నిలబడింది. "మన ఊరి రాయి పడితే గానీ మాట వినలా" అంది పెద్దమ్మ. అప్పటి నుంచి పొద్దున్నే కొట్టు తెరవగానే దాన్ని ఒకసారి పలకరించి గానీ బోణీ చేసేది కాదు.

దసరా వచ్చింది. మా బజారులో ఆయుధపూజ నాడు కాటాకు, గల్లాపెట్టెకు, తాళాలకు, బండ్లకు అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. పెద్దమ్మ కాటా పక్కన విమానాన్ని కూడా నిలబెట్టింది. బండ్లయితే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. దీని చక్రాలు మినపగింజలంత. ఆమె ఆలోచించి నిమ్మగింజలు పెట్టింది. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. మర్నాడే శ్రావణి అసలు విమానాన్ని తొలిసారి ఒంటరిగా నడపాలి. పెద్దమ్మ హారతి తిప్పి, పళ్ళెం కింద పెట్టి, కళ్ళు మూసుకొని చేతులు జోడించింది. పళ్ళెం విమానానికి బాగా దగ్గరగా పెట్టింది. కర్పూరం ఇంకా మండుతూనే ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చి నేను ఉరికి పళ్ళెం లాగేసరికే ఎడమ రెక్క కొస మెత్తబడి కిందికి వాలిపోయింది.

పెద్దమ్మ కళ్ళు తెరిచి చూసింది. అట్లే నేల మీద కూర్చుండిపోయింది. పూజలో రెక్క కాలడం కంటే అపశకునం ఇంకేముంటుంది? కాసేపటికి ఫోను చేతిలోకి తీసుకొని, "ఒక్క మాట చాలు మస్తానూ. వచ్చేస్తాది" అంది. నజ్మా అప్పటికి బడికిపోయే పిల్ల. నా బిడ్డయితే అనుకున్నాను, ఆ వెంటనే "రమ్మను పెద్దమ్మా" అనేశాను. ఆమె నంబరు నొక్కింది. స్పీకరు పెట్టుకొని మాట్లాడటం అలవాటు కాబట్టి అంతా నాకు వినపడింది.

"పూజ అయిందామ్మా?" అంది శ్రావణి.

"అయింది. తిన్నావా?"

"తిన్నా. ఏంది, గొంతు అట్లుంది?" తల్లి ఫోనును ఇంకో చేతిలోకి మార్చుకుంది. తర్వాత ఆ పిల్లే మెల్లగా, "రమ్మంటాండావా అమ్మా?" అని అడిగింది.

పెద్దమ్మ ఇంకా వేడిగా ఉన్న రెక్క కొసను బొటనవేలితో ఒత్తుతోంది. "ఎందుకు రమ్మంటా?" అంది చివరికి. "పోయిరా. దిగినాక ఫోను చెయ్." పెట్టేసింది. చెంగుతో ముఖం తుడుచుకుంది. ఎందుకు చెప్పలేదని నేను అడిగాను, కాస్త కోపంగానే. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ ఉన్నదున్నట్టు గుర్తుంది. "కర్పూరం దగ్గర పెట్టింది నేను నాయనా. పాప చేసిన తప్పేంది దాంట్లో? నా చెయ్యి చేసిన తప్పుకు దాన్ని కిందికి దించాల్నా?"

మర్నాడు పొద్దున్నుంచి ఆమె అల్మరాల్లో గిన్నెలన్నీ దించి తుడిచి మళ్ళీ పేర్చింది. మళ్ళీ దించింది. నేను ఒక ఫోను తెరిచి పెట్టుకొని, ఏం బాగుచేయాలో మరిచిపోయి కూర్చున్నాను. ఎండ బజారులోకి దిగాక ఫోను మోగింది. ఆమె ఉలిక్కిపడి తిరిగేసరికి చెంబుల వరస మొత్తం దబదబా దొర్లిపోయింది. ఆ రొదలోనే, "దిగినానమ్మా! దిగినా!" అని శ్రావణి అరుపు. పెద్దమ్మ దొర్లుతున్న చెంబుల మధ్య కూర్చొని, "దిగినావా? దిగినావా తల్లీ?" అని అదే మాట అడుగుతూ నవ్వింది, ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. మా చుట్టూ గుమిగూడిన వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఆమె తేరుకొని, నోరు తెరుచుకొని నిలబడిన నన్ను చూసి, "ఏం చూస్తాండావు? పోయి టీలు చెప్పు!" అని కసిరింది. ఆ కసురు చెవిన పడ్డాక నా ప్రాణం కుదుటపడింది. తర్వాత రెక్కను వేడినీళ్ళలో ముంచి సరిచేశాం. పూర్తిగా సరికాలేదు. "ఉండనీలే, దిగింది గదా" అని వదిలేసింది.

పోయిన ఏడాది పెద్దమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. కొట్టు ఖాళీ చేయడానికి వచ్చిన శ్రావణి ఈ విమానాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇది నీ కాడనే ఉండాల అన్నా, అమ్మ చెప్పింది" అంది. వాలిన రెక్కను వేలితో నిమిరి, "ఇట్లెందుకైంది?" అని అడిగింది. ఆ రోజు తల్లి ఫోను ఎందుకు చేసిందో అప్పుడు చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు ఆ రెక్క పట్టుకొని కూర్చుంది.

ఇవాళ నజ్మా దుకాణం ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి చేతపట్టుకొని లోపలికి వచ్చింది. అడవి అంచున ఒక పల్లె ఆసుపత్రిలో నర్సుగా చేరింది. నా కళ్ళ ముందు లారీలు, మలుపులు, రోడ్డుకు అడ్డంపడే బర్రెలు అన్నీ తిరుగుతున్నాయి. నా ముఖం చూసి, "ఏంది అబ్బా? బస్సులో పొమ్మంటావా?" అంది. సరే అంటే బస్సులోనే పోతుంది, నాకు తెలుసు. చేతిలో ఉన్న విమానాన్ని బీరువా మీద మూడు చక్రాల మీద నిలబెట్టాను. లోపల పలకముక్క ఒకసారి టక్కుమంది. "బస్సులో ఎందుకు పొమ్మంటా?" అన్నాను. "పోయిరా. చేరినాక ఫోను చెయ్."

తర్వాత ఏం పని చేశానో అడగకండి. ఫోను కవర్లన్నీ దించి తుడిచి పెట్టినట్టున్నాను. ఒక గిరాకీ వచ్చి తన ఫోను అయిందా అని అడుగుతుండగా నా ఫోను మోగింది. "చేరినా అబ్బా!" వెనక ఎవరో చంటిపిల్ల ఏడుపు, ఏదో తలుపు మూసిన చప్పుడు. అవును, చేరింది. నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. గిరాకీ పాపం కంగారుగా నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఏం చూస్తాండావు?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "పోయి టీలు చెప్పు!"