తలుపు తెరుచుకోని కారులో నేను, బయట ఎండలో నాయన

మేము సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ కారు బాగా పాతది. అప్పట్లో డ్రైవర్ వైపు తలుపు లోపలినుంచి తెరుచుకునేది కాదు, బయట ఎవరైనా లాగాల్సిందే. వెనక తలుపులు ఎప్పుడో బిగుసుకుపోయినాయి. నాకు ఎడమ తలుపొక్కటే దిక్కు.

మొన్నటి ఎండాకాలం నాయనను కళ్యాణదుర్గం ఆసుపత్రిలో చూపించి ఊరికి తీసుకొస్తున్నాను. దారిలో "కారు ఆపమ్మా, ఒంటికి పోయొస్తా" అన్నాడు. దిగి, తలుపేసి, బీడులోకి నాలుగడుగులు వేసి అట్లే కూలిపోయినాడు.

నేను ఎడమ సీట్లోకి దూకి పిడి లాగితే అది విరిగి చేతికొచ్చింది. అద్దాల బటన్లు ముందే చెడిపోయినాయి, ఎంత నొక్కినా దిగలేదు. చెప్పుతో బాదినా పగల్లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నా కళ్లముందే నాయన కాలే నేలమీద పడి ఉన్నాడు. హారన్ మీద చెయ్యి తియ్యకుండా ఏడ్చాను.

దూరంగా గొర్రెలు మేపుతున్న ఒకామె పరుగెత్తుకొచ్చింది. "తలుపు తియ్యక్కా!" అని అరిచాను. ఆమె నన్ను చూసి, నాయనను చూసి, నన్ను వదిలేసి ఆయన దగ్గరికి పోయింది. నాకు పిచ్చెక్కినట్లయింది. ఆమె తన సీసాలో నీళ్లు నాయన తలమీద పోసి, కొంగుతో విసిరింది. ఆయన కళ్లు తెరిచినాకే వచ్చి నా తలుపు లాగింది.

"ముందు నాకు తలుపు తియ్యలేదేమక్కా?" అన్నాను.

"నువ్వు అరుస్తాండావు కదమ్మా. ఆయప్పకే సప్పుడు లేదు" అంది.

నాయన ఇప్పుడు బాగున్నాడు. తలుపులన్నీ బాగుచేయించాము. ఇంట్లో ఎవరైనా గొంతెత్తి గొడవ చేస్తుంటే, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నవాళ్ల వైపు ముందు చూడడం నాకు ఆ రోజునుంచే అలవాటైంది.