ప్లగ్గు తీసిన మిషన్‌లో నీళ్లు

దెయ్యాల మాట ఎత్తినవాళ్లను మా ఆఫీసులో అందరికంటే ఎక్కువ ఆటపట్టించింది నేనే. ఇప్పటికీ ఆ మాట నా నోటికి రాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో వింత కంటే నా తప్పే ఎక్కువ.

మాది కొవ్వూరు. పల్లపు వరిచేను మెరక చేసి వేసిన ప్లాట్లలో మా ఇల్లు. వానాకాలం వస్తే నేలలోని చెమ్మ గోడల్లో నడుమెత్తు వరకు ఎక్కేది.

నా భార్య రత్నకుమారికి ఉబ్బసం. ఇంట్లో తేమను ఆమె తన పద్ధతిలో అదుపు చేసుకునేది. ప్రతి కిటికీ బయటి అంచున, సన్‌షేడ్ కింద, ఒక సాసర్లో కల్లుప్పు పెట్టేది. ఉప్పు చెమరిస్తే ఆ కిటికీ మూసేది, పొడిగా ఉంటే తీసేది. పైన వెంటిలేటర్లు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి.

"ఉప్పు నీరు కారుతోందండి, తూర్పు కిటికీ వేసేయండి" అనేది.

"నువ్వేమన్నా తుపాను హెచ్చరికల కేంద్రమా?" అనేవాణ్ణి.

"మీ టీవీ కంటే నా ఉప్పే ముందు చెబుతుందండి" అని నవ్వేది.

రెండేళ్ల కిందట మా ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నాం. పెచ్చులూడిన గోడల మధ్య సంఘమంతా కూర్చుంటుందంటే నాకు సిగ్గేసింది. ఆమె పది రోజులు చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక్క మాటైనా అడగకుండా, ఏడు వెంటిలేటర్లూ ఇటుకలతో మూయించేశాను. లోపలి గోడలకు పైదాకా వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టించాను. ఏసీ పెట్టించి, గాలిలో తేమను లాగి ట్యాంకులో పట్టే మిషన్ కూడా ఒకటి తెచ్చాను. ప్రార్థనకు వచ్చినవాళ్లంతా గోడలు మెరుస్తున్నాయన్నారు. ఆ మెప్పు నాకు చాలా రోజులు సరిపోయింది.

బయటికి దారిలేని చెమ్మ పెయింట్ వెనక ఉబ్బింది. బీరువా వెనక నల్లగా బూజు పట్టింది. మిషన్ రోజుకో ట్యాంకు నీళ్లు లాగుతున్నా వాసన పోలేదు. ఆమెకు ఆయాసం ఎక్కువైంది.

"ఒక్క వెంటిలేటర్ తీయించండి, చాలు" అని మూడుసార్లు అడిగింది.

"నలుగురూ మెచ్చుకున్న గోడకి మళ్లీ కన్నం పెట్టమంటావా?" అన్నాను.

వానలు పట్టాక రాజమండ్రిలో డాక్టరు గారు అడిగారు, ఇంట్లో చెమ్మ ఉందా, గాలి ఆడుతుందా అని. ఆమె నోరు తెరిచేలోగా నేనే "చక్కగా ఆడుతుందండి" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆ వానల్లోనే పోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక మిషన్ ప్లగ్గు తీసేశాను. ట్యాంకు పారబోసి, గుడ్డతో తుడిచి, వైరు చుట్టి పడగ్గది మూలన పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం ఊడుస్తుంటే చీపురు తగిలి లోపల నీళ్లు కదిలాయి. తీసి చూస్తే ట్యాంకు లోపలి గుర్తు గీత వరకు నిండి ఉంది. పారబోయడం మరిచానేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

నా బావమరిది, అంటే ఆమె తమ్ముడు రాజరత్నం, ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. పిలిచాను. నాకు మతి చలించిందనుకున్నాడు. అయినా మిషన్ విప్పి, కంప్రెసర్ ఊడదీసి తన సంచిలో వేసుకున్నాడు. ట్యాంకు ఆరబెట్టి, మిషన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి టేపు వేశాడు. ఆ గదికి తాళం వేసి, తాళంచెవి కూడా తనే పట్టుకెళ్లాడు.

మర్నాడు మూడింటికి వచ్చి తలుపు తీశాడు. టేపు వేసినట్టే ఉంది. కవరు లోపలా బయటా పొడిగా ఉంది. ట్యాంకు నిండి ఉంది.

"కంప్రెసర్ లేకుండా నీళ్లెక్కడివండి బావగారూ?" అన్నాడు. తర్వాత తలెత్తి, వెంటిలేటర్ ఉండాల్సిన చోట గోడను చూశాడు. "అక్క అన్నిసార్లు అడిగితే ఒక్కటైనా ఎందుకు తీయించలేదండీ?"

ఆ తర్వాత అతను మా గడప తొక్కలేదు.

తాపీమేస్త్రిని పిలిచి ఏడు వెంటిలేటర్లూ తెరిపించాను. పెయింట్ మొత్తం గీకించి సున్నం వేయించాను. రోహిణి కార్తె ఎండలకు గోడలు ఎండి, గోడకు తగిలించిన తేమ మీటరు ముల్లు ఎన్నడూ లేనంత కిందికి దిగింది. ఆరేసిన బట్టలు గంటలో ఆరిపోయేవి. ఆ రోజుల్లోనూ ట్యాంకు నిండుతూనే ఉంది. ఒక్క చుక్కా తగ్గలేదు.

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడ్డాను. వెంటిలేటర్ల సంగతి, డాక్టరు గారితో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. పాదిరి గారు నా భుజం మీద చెయ్యి వేసి "ప్రభువు క్షమిస్తాడండి" అన్నారు. ఈరోజుతో ఆ నీళ్లు ఆగిపోతాయని మనసులో గట్టిగా నమ్మాను. దారి పొడుగునా నడక కాదు, దాదాపు పరుగే.

ఇంటికి వచ్చి ట్యాంకు లాగాను. నిండి ఉంది. ఈసారి గీత వరకు కాదు, అంచు వరకు. లాగేటప్పుడు నీళ్లు తొణికి నా పాదాల మీద పడ్డాయి.

ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు తెలియదు. ఇంకేం చేస్తే ఆగుతాయో అంతకంటే తెలియదు. రోజూ మూడింటికి తీసి పెరట్లో పారబోస్తున్నాను.