దొరసాని గంగాళం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు ఎడ్లబండ్లూ కిరసనాయిలు దీపాలూ ఊహించుకుంటారేమో, అంత శ్రమ అక్కర్లేదు. నేను చెప్పే ఆ రోజుల్లో అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. మా జహీరాబాద్ మీదుగా బొంబాయి రోడ్డున కార్లు ఇప్పటిలాగే ఎవరో తరుముతున్నట్టు పోయేవి. తేడా ఒక్కటే, అప్పుడు నాకు మీసాలు కొత్త, మా మేనమామకు వ్యాపారం కొత్త. ఇంట్లో పాత సామాను ఉంటే నామోషీ అనే రోగం మా వైపు ఊళ్లలోనూ, పాత సామాను లేకపోతే నామోషీ అనే రోగం పట్నంలోనూ ఒకేసారి పుట్టుకొచ్చాయి. ఈ రెండు రోగాలకూ మధ్యలో, సరిగ్గా రోడ్డు పక్కన, మా మామ దవాఖానా తెరిచాడు.

బోర్డు మీద యాంటిక్స్ అని ఉండేది. ఊళ్లో ఎవరికీ నోరు తిరగక దాన్ని అంటుకు దుకాణమనీ, మామను అంటుకు సేటనీ అనేవారు. (లోపలికొచ్చిన గిరాకీని ఆయన వదిలిపెట్టే రకం కాదు కనుక పేరు బాగానే అతికింది.) ట్రాలీ ఆటోలో ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు బిందెలు వేసుకుని పొద్దున్నే రాయికోడ్, మొగుడంపల్లి, ఝరాసంగం వైపు పోయేవాడు. సాయంత్రానికి వాటికి బదులుగా ఇత్తడి గంగాళాలు, చెక్క పెట్టెలు, విసుర్రాళ్లు దింపేవాడు. పాతది దొరకని రోజున కొత్తదే తెచ్చి పాతది చేసేవాడు. అదేం బ్రహ్మవిద్య కాదు. ఉప్పూ చింతపండూ పులిమి, కడక్కుండా దుకాణం వెనక పెంటకుప్పలో పూడ్చిపెట్టడమే. వారం పూడిస్తే నిజాం కాలం, నెల పూడిస్తే అంతకు ముందు రాజుల కాలం. ఒకసారి దీపపు సెమ్మెను పూడ్చి మరిచిపోయి వానలన్నీ అయ్యాక తీస్తే, అది ఏ రాజుల కాలానికి పోయిందో ఆయనకే అంతుపట్టలేదు.

నేను అంతకు ముందు బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణంలో పేర్లు కొట్టేవాణ్ని. పెళ్లికో గృహప్రవేశానికో బిందె పెట్టేవాళ్లు దాని మీద తమ పేరు కొట్టించకుండా దుకాణం గడప దిగరు కదా. (పెట్టింది ఎవరో తెలియకపోతే పెట్టి ఏం లాభం?) పేరు ఎవరిదైనా చివర "అండ్ ఫ్యామిలీ" మాత్రం తప్పదు. పెళ్లీ పెటాకులూ లేని బ్రహ్మచారులు కూడా కొట్టించుకునేవారు. రాసీ రాసీ నా చెయ్యి ఎంత అలవాటు పడిందంటే, నన్ను అడక్కుండానే ఆ రెండు మాటలూ రాసేసేది. మామ ఒకరోజు వచ్చి నన్ను అక్కణ్నుంచి లాక్కుపోయాడు. "అరె అల్లుడా, ఈడ నువ్వు పేర్లు కొడుతున్నవు. నా తాన చరిత్ర కొడ్తవు. జర ఇజ్జత్ ఉంటది," అన్నాడు. ఇజ్జత్ అన్న మాటకు నేను పడిపోయాను.

ఆ ఇజ్జత్‌కు పరీక్ష ఒక గంగాళం రూపంలో వచ్చింది. హైదరాబాద్ పక్కన పెద్ద హోటల్ కడుతున్న ఒక మేడం కారు ఆపి దిగి, మూలనున్న ఇత్తడి గంగాళం చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగింది. "దీనికి హిస్టరీ ఉందా?" అని అడిగింది. ఉంటే హోటల్ ముందు గదిలో పెడుతుందట, దానితో పాటు దుకాణంలో ఉన్న సామానంతా పట్టుకుపోతుందట. మామ నిలబడ్డ చోటే రెండంగుళాలు పెరిగాడు. "హిస్టరీ లేనిది నా తాన గిలాస గూడ ఉండది మేడం. మన్ను పట్టింది, తోమి పెడ్త. రేపు రాండ్రి," అన్నాడు. కారు కదలగానే ఆకురాయి తీసి, గంగాళం అంచు కింద ఉన్న ఏవో పాత అక్షరాలను గీకి చదును చేసి, చాక్‌పీసుతో గీత గీశాడు.

"కొట్టు. రత్నమాంబ దొరసాని."

"ఆమె ఎవరు మామా?"

"నాకేం ఎరుక? నువ్వు కొట్టినంక అందరికి ఎరుకైతది."

నేను నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చిన్న ఉలి, సుత్తి పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ దొరసానికి ప్రాణం పోశాను. ఆమె గడీ, ఏనుగులు, పల్లకీ అన్నీ కళ్ల ముందు తిరుగుతుంటే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పూర్తయ్యాక తిరిగి చదువుకోవాలని కూడా తోచలేదు. మసి, చింతపండు పులిమి ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మేడం వచ్చి అక్షరాలు చూసి పొంగిపోయింది. "నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు తమ్ముడూ, ఏం రాసుందో చదువు," అంది. (ఆ మాట కొంచెం గొప్పగానే అంది.) నేను గొంతు సవరించుకుని, "రత్నమాంబ దొరసాని..." అని దీర్ఘం తీశాను. అప్పుడు పడింది నా కంట, ఆ పక్కనున్నది. ఆగుదామనుకునేలోపే నోరు చదివేసింది. "...అండ్ ఫ్యామిలీ."

మామ నన్ను చూసిన చూపుకు ఆ ఇత్తడి కరిగిపోవాలి. మేడం మాత్రం కళ్లు పెద్దవి చేసి, "ఆ కాలంలోనే ఇంగ్లీషా!" అంది. "ఔ మేడం! గడీలకు తెల్ల దొరసాని వచ్చి చెప్తుండె. మా రత్నమాంబ మస్తు హుషారు," అన్నాడు మామ. నిన్నటిదాకా ఎవరో తెలియని ఆవిడ రాత్రికి రాత్రి మా రత్నమాంబ అయింది. "ఎంత ముందుచూపు!" అని మేడం ఫోటోల మీద ఫోటోలు తీయసాగింది. నేను బతికిపోయాననుకున్నాను.

అప్పుడే ఝరాసంగం షేర్ ఆటో దుకాణం ముందు ఆగింది. దాంట్లోంచి ఒక ముసలవ్వ దిగి, ఆటో మీది నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు దింపించుకుంది. ఒకదానికి కాలు విరిగి ఉంది. రెండూ ఈడ్చుకొచ్చి మామ ముందు పడేసింది.

"ఇగో సేటు, నీ కుర్చీలు. నా గంగాళం నాకియ్యి. నేను దవాఖానకు పోయినప్పుడు నా కొడుకు నీ చేతుల పెట్టిండంట. రేపు నా మనుమరాలికి నలుగు పెడ్తరు. నా లగ్గంల నాకు గా గంగాళం నీళ్లే పోసిన్రు. పిల్లకు గూడ గందులకెల్లే పొయ్యాలె."

ఆమె కుర్చీలను మామ వైపు ఇంకాస్త తోసింది. నేను ఆమె కంట పడకుండా ఉలిని జేబులో దాచుకున్నాను. మామకు అలాంటి ఇబ్బందులు లేవు. "గడీల పని చేసిన అవ్వ, మేడం. పెద్ద వయసు, యాది మరుపు," అని నవ్వాడు. మేడం ఆత్రంగా అవ్వ దగ్గరికి పోయి, "అమ్మా, దొరసాని గారిని మీరు చూశారా?" అంది.

"ఏ దొరసాని? గిది నాది. మా నాయిన పెట్టిండు. ఇగో ఈడ సొట్ట చూడు, నా కొడుకు చిన్నగున్నప్పుడు రోకలేసిండు."

మేడం సొట్టను చూసింది, అక్షరాలను చూసింది, అవ్వను చూసింది. చెయ్యి గుండె మీదికి పోయింది. "అంటే మీరు దొరసాని గారి ఫ్యామిలీ! ఇక్కడ రాసే ఉంది కదా!"

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమంటుంది బిడ్డా గీమె?"

"గీ గంగాళం దొరసానిదంట అవ్వా. గా దొరసాని ఇంటిదానివి నువ్వేనా అని అడుగుతుంది."

 అవ్వ కొంగు భుజం నిండా కప్పుకుంది. "ఔ. నా ఇంట్ల నేను దొరసానినే. ఎవలకన్న అడ్డమా?"

మామ ఇరుకున పడ్డాడు. కాదంటే దొరసాని అబద్ధం, ఔనంటే గంగాళం గోవిందా. "అట్ల గాదు మేడం..." అని ఏదో మొదలుపెట్టబోతే మేడం చెయ్యెత్తి ఆపేసింది. "ఎలా కాదు? పేరుంది, వారసురాలు ఎదురుగా నిలబడింది. తరతరాల వస్తువు ఆ ఇంట్లోనే ఉండాలి. పాపం చేసినట్టవుతుంది నాకు," అని అవ్వ కాళ్లకు దండం పెట్టి, ఆమెతో ఒక ఫోటో దిగి, "మిగతా సామాను వారసులు కూడా ఎక్కడున్నారో కనుక్కోండి, అప్పుడు చూద్దాం," అని కారెక్కింది. మామ దిగాలుగా దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. అది మూడు కాళ్లదని మరిచిపోయాడు.

ఆయనను లేపి మంచినీళ్లిచ్చి వచ్చేసరికి, అవ్వ గంగాళం అంచు కింద వేళ్లతో తడుముతోంది. మొహంలో ఇందాకటి దొరసాని లేదు.

"నాకు సదువు రాదు గని నా పేరు ఎరుకే బిడ్డా. తోమినప్పుడల్లా వేళ్లకు తగులుతుండె. మూడే అచ్చరాలు, ఎన్క రెండిటికి కింద ఒక్కొక్క పిల్ల ఉంటది. గిదేంది, గింత పొడుగున్నది? నా పేరేది?"

లచ్చవ్వ. అడిగితే చెప్పింది. చ కింద చ, వ కింద వ, రెండు పిల్లలు. నాకు అప్పుడు ఏడుపు వచ్చినంత పనైంది. మామ వైపు చూడకుండా ఆకురాయి తీసుకుని నా దొరసానిని గడీతో సహా చెరిపేశాను. ఆ చోట మూడు అక్షరాలు కొట్టాను. అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నేను ఏ పేరూ కొట్టలేదు. అవ్వ వేలితో తడిమి, పిల్లలిద్దరూ ఉన్నారని చూసుకుని తలూపింది. వేలు ఇంకాస్త ముందుకు, నేను చెరపడం మరిచిన ఆ పక్క అక్షరాల మీదికి జరిగింది.

"గిదింకేంది?"

"అండ్ ఫ్యామిలీ అవ్వా. అంటే నీ ఇంటోళ్లందరు."

"కుర్చీలకిచ్చిన నా కొడుకు గూడ గందుల ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"అయితే తీసెయ్యి."

నేను ఆకురాయి పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆగు బిడ్డా. పోరి గూడ గందులనే ఉన్నదా? ఎల్లుండి అత్తగారింటికి పోతది."

"పోయినా ఉంటది అవ్వా."

"గట్లయితే ఉండనియ్యి," అంది.

గంగాళాన్ని ఆటో మీదికి ఎక్కించి తాళ్లు కట్టింది మా మామే. ఆయన నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా నేను మళ్లీ పేర్లు కొట్టుకోవడానికి పోయాను. ఇప్పుడు నాకే ఒక చిన్న దుకాణం ఉంది, కంప్యూటర్ మిషన్ ఉంది, మీట నొక్కితే పేరు పడిపోతుంది. పేరు చెప్పినవాళ్లను "అండ్ ఫ్యామిలీ రాయమంటారా?" అని అడుగుతాను. "అదేం ప్రశ్నయ్యా, అందరూ రాయించేదే కదా," అని విసుక్కుంటారు. ఒకప్పుడు అడక్కుండానే రాసి పారేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, కాస్త నవ్వుకుని, మళ్లీ అడుగుతాను.